లాక్ తీసినంత మాత్రాన సరిపోదు

అమెరికాలో కొన్న అన్‌లాక్డ్ ఫోనులో ఇక్కడి ఏ సిమ్ అయినా పనిచేస్తుందని ఒక వ్యాసంలో రాశారు కానీ, లాక్ తీస్తే తమ సిమ్ మాత్రమే పనిచేయాలని నెట్‌వర్క్ కంపెనీ పెట్టిన కట్టడి పోతుందే తప్ప ఫోనులో లేని బ్యాండ్లు (సిగ్నల్ అందుకునే ఫ్రీక్వెన్సీలు) కొత్తగా వచ్చి చేరవు. జియోకు 2జీ, 3జీ లేవు కాబట్టి, ఆ నెట్‌వర్క్‌లో వోల్టీ (4జీ మీదుగా కాల్ మాట్లాడే సదుపాయం) పనిచేయని ఫోనులో ఇంటర్నెట్ చక్కగా వస్తున్నా మామూలు కాల్ మాత్రం కలవదు. ఇక 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకు సిమ్ ట్రేనే లేదు, ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోనులోనే ఉండే డిజిటల్ సిమ్) తీసుకోవాల్సిందే. పిల్లలు ప్రేమగా పంపిన ఫోను పట్టుకుని పెద్దవాళ్లు షాపుల చుట్టూ తిరుగుతుంటే చూడటానికి బాధగా ఉంటుంది. ఐఫోన్ పంపేవారు దయచేసి సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి, క్యారియర్ లాక్ ఎదురుగా ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉందో లేదో అక్కడే చూసుకోవాలి.