నదిలో టర్బైన్ దించితే డ్యామ్ అక్కర్లేదా? లెక్క చూద్దాం

"డ్యాములెందుకు, పారే నదిలో టర్బైన్లు దించేస్తే అంతే కరెంటు 24 గంటలూ ఫ్రీగా వస్తుంది, చేపలకీ ఏం కాదు, కావాలనే దీన్ని తొక్కిపెట్టారు" అని ఒక మెసేజ్ వీడియోతో సహా తెగ తిరుగుతోంది. డ్యాముల వల్ల జరిగిన నష్టం తలచుకుంటే నాకూ కడుపు మండుతుంది, చైనాలో త్రీ గోర్జెస్ ఒక్కదానికే దాదాపు 13 లక్షల మందిని ఖాళీ చేయించారు. అందుకే ఇది చూసి ఊరుకోలేకపోతున్నా, ఈ లెక్క పట్టుకుని వాదనకి దిగితే ఇంజనీర్ ఎవరైనా రెండు నిమిషాల్లో మన నోరు మూయించేస్తాడు.

ముందు ఆ "అంతే కరెంటు" సంగతి. సెకనుకి 1 మీటరు వేగంతో, అంటే నింపాదిగా నడిచే మనిషి స్పీడుతో పారే నీళ్ళు ఉన్నాయనుకోండి, ఆ వేగంలో ఉన్న శక్తి అవే నీళ్ళు 5 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడితే వచ్చేంతే. మూడు వేళ్ళ వెడల్పు! వేగం 2 మీటర్లయితే 20 సెంటీమీటర్లు, జానెడు. పెద్ద డ్యామ్ దగ్గర అవే నీళ్ళు 100 మీటర్లు దిగుతాయి, అంటే 500 రెట్లు తేడా. డ్యామ్ కట్టేది నీళ్ళు ఆపడానికే అనుకుంటాం గానీ, కరెంటుకి అసలు కావాల్సింది ఆ ఎత్తు.

పైగా వేగంలో ఉన్నదంతా లాగేసుకోలేం, నీళ్ళు టర్బైన్ దాటి ముందుకి పోవాలి కదా, సిద్ధాంతపరంగానే 59.3 శాతం దాటదు, చేతికి వచ్చేది 30-40 శాతం. 2 మీటర్ల వేగంలో చదరపు మీటరుకి 4 కిలోవాట్లుంటే మనకి దక్కేది సుమారు 1.4. ఈ లెక్కన 1000 మెగావాట్లకి రెక్కలు తిరిగే వైశాల్యం 7 లక్షల చదరపు మీటర్లు కావాలి, అన్ని పెడుతూ పోతే ఒక్కో వరస నదిని ఇంకొంచెం నెమ్మది చేస్తుంది, వెనక నీటిమట్టం పెరుగుతుంది, అంటే తిరిగి తిరిగి చిన్న సైజు డ్యామ్ దగ్గరికే వచ్చినట్టు.

24 గంటలూ అన్నది సగం నిజం. రాత్రీ పగలూ తిరుగుతుంది, ఒప్పుకుంటా. కానీ వేగం 2 నుంచి 1.5కి పడిపోతే కరెంటు సగం కూడా రాదు, వేగం సగమైతే ఎనిమిదో వంతే. సాయంత్రం డిమాండ్ పెరిగినప్పుడు వాడుకుందామని నీళ్ళు దాచిపెట్టుకునే వీలూ లేదు.

ఆ వీడియో ఇంకోసారి చూడండి, గుండ్రటి కాంక్రీటు తొట్టిలో సుడి తిరుగుతూ ఉంటుంది. పక్కకి కాలవ తీసి నీళ్ళని మీటరో రెండు మీటర్లో కిందకి దింపుతున్నారక్కడ. అదీ ఎత్తే. చిన్న ఊళ్ళకి మంచి పద్ధతే, కాకపోతే "నది వేగంతో కరెంటు"కి అది సాక్ష్యం కాదు.

ఫ్రీ అంటే నీళ్ళు ఫ్రీ. వరదకి కొట్టుకొచ్చే దుంగలు, రెక్కలకి చుట్టుకునే నాచు, నీళ్ళ అడుగున అరిగిపోయే బేరింగులు ఫ్రీ కాదు. న్యూయార్క్ ఈస్ట్ రివర్‌లో (పేరుకి నదే, నిజానికి సముద్రపు పాయ) 2006-07లో పెట్టిన తొలి టర్బైన్ల రెక్కలు ప్రవాహానికే విరిగిపోయాయి, మళ్ళీ డిజైన్ చేయాల్సి వచ్చింది.

చేపలకి డ్యామ్ కంటే నయం అన్నది చాలావరకు ఒప్పే, దారి పూర్తిగా మూసెయ్యదు, రెక్కలూ నెమ్మదిగా తిరుగుతాయి. అయినా "ఏం కాదు" అనెయ్యడం కుదరదు, నది నదికీ చూసుకోవాల్సిందే.

తొక్కిపెట్టారన్నది మాత్రం శుద్ధ అబద్ధం. అదే ఈస్ట్ రివర్ ప్రాజెక్టుకి 2012లో అమెరికా ప్రభుత్వమే లైసెన్సిచ్చింది. అలాస్కాలో ఇగియుగిగ్ అనే ఊళ్ళో 2019లో క్విచాక్ నదిలోకి ఇలాంటి టర్బైన్ దించారు, సామన్ చేపలు ఎలా ఈదుతున్నాయో నీళ్ళలో కెమెరాలు పెట్టి మరీ చూశారు. దాని సామర్థ్యం కొన్ని పదుల కిలోవాట్లు, ఊరి జనాభా 70 మంది దాకా. రోడ్డు లేని ఊరు, జనరేటర్‌కి డీజిల్ ఎంతో దూరం నుంచి తెప్పించుకోవాలి. వాళ్ళకి ఒక్కో డ్రమ్ము తగ్గినా తగ్గినట్టే.