సింహం కనిపిస్తేనే ఆఫ్రికా చూసినట్టా?

మేం నైరోబీలో ఉంటాం కాబట్టి ఆగస్టు వచ్చిందంటే హైదరాబాద్ నుంచి చుట్టాలు దిగుతారు. అందరిదీ ఒకటే పాట. మసాయి మారా అభయారణ్యం, సింహం, సెల్ఫీ, ఎయిర్‌పోర్టు. ఈసారి మా ఆడపడుచు, వాళ్ళాయన వచ్చారు. "అన్నయ్యగారూ, రెండ్రోజులు సముద్రం వైపు వెళ్దాం, గేది చూద్దురుగానీ" అన్నాను. "అక్కడేముందమ్మా, కూలిపోయిన గోడలేగా" అనేశారు. ప్యాకేజీ అమ్మిన ఏజెంటు అలా చెప్పాడట. ఒళ్ళు మండింది.

గోడలే, కాదనను. కానీ ఏం గోడలు! కెన్యా తీరంలోని మలింది పట్నానికి దగ్గర్లో, అడవి మధ్యలో పగడపు రాయితో కట్టిన, స్వాహిలీవాళ్ళ (తూర్పు ఆఫ్రికా తీరం జనం) పాత ఊరే గేది. మసీదులు, రాజభవనం, బావులు. ఓ సమాధి మీది తేదీ మన క్యాలెండర్ ప్రకారం 1399. 17వ శతాబ్దానికల్లా ఊరు ఖాళీ అయిపోయింది. పక్కనే మలిందిలో దాదాపు వందేళ్ళు మకాం వేసిన పోర్చుగీసువాళ్ళు దీని ఊసే రాయలేదు.

నాకు పిచ్చిగా నచ్చినవి ఇళ్ళ పేర్లు. తవ్వకాల్లో ఏ ఇంట్లో ఏది దొరికితే ఆ ఇంటికి ఆ పేరు పెట్టారు. కత్తెర ఇల్లు, గవ్వల ఇల్లు, పింగాణీ గిన్నె ఇల్లు, వెనిస్ పూస ఇల్లు, ఇనుప దీపం ఇల్లు. ఆ ఇనుప దీపం మన దేశం నుంచి వెళ్ళిందే. కప్పు లేని ఆ గదిలో, గోడల మీద పాకిన చెట్ల వేళ్ళ మధ్య నిలబడి, ఇంత దూరం ఓడలో వచ్చిన దీపంలో ఏ నూనె పోసేవాళ్ళో అని చాలాసేపు ఆలోచించాను. "కొబ్బరి నూనే అయ్యుంటుంది, పద, ఎండ" అన్నారు మావారు.

పోనీ వెళ్ళిన మనవాళ్ళైనా చూస్తారా అంటే, కోతులకి అరటిపళ్ళు పెట్టి ఫోటోలు దిగి వచ్చేస్తారు.

2024 జులైలో గేదికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ సమావేశం జరిగింది మన ఢిల్లీలోనే! మన అస్సాం మొయిదాములకి, అంటే అహోం రాజుల సమాధి దిబ్బలకి, వచ్చిందీ అక్కడే. ఆ వార్త మా ఫ్యామిలీ గ్రూపులో నలుగురు ఫార్వర్డ్ చేశారు. గేది గురించి ఒక్కరూ లేరు.

సఫారీకి వెళ్ళొద్దని నేననను. అదే టూరులో మొంబాసాలో పోర్చుగీసువాళ్ళ ఫోర్ట్ జీసస్, గాడిదలే బండ్లుగా తిరిగే లాము దీవి సందులు, ఈ గేది కూడా ఎందుకు పెట్టరనే నా గొడవ.

ఇంతకీ అన్నయ్యగారు మారా నుంచి తిరిగొచ్చారు. ఎలా ఉందని అడిగాను.

"మూడు గంటలు జీపులో కూర్చున్నామమ్మా. సింహం లేవలేదు."