సవరణ: బాండ్ విచారణ దారి మూసుకుపోలేదు

అమెరికాలో ఇమిగ్రేషన్ నిర్బంధం గురించి మొన్న రాసినదాంట్లో పెద్ద తప్పు దొర్లింది. 2018 నాటి జెన్నింగ్స్ వర్సెస్ రోడ్రిగెజ్ తీర్పుతో బాండ్ విచారణ (పూచీకత్తు మీద విడుదల చేయాలా వద్దా అని తేల్చే విచారణ) కోరే దారి పూర్తిగా మూసుకుపోయిందన్నాను. అది నిజం కాదు. ఆరు నెలలకోసారి విచారణ జరపాలని చట్టంలో లేదని మాత్రమే సుప్రీంకోర్టు చెప్పింది. విచారణే లేకుండా నెలల తరబడి బంధించడం రాజ్యాంగానికి విరుద్ధమా అన్న అసలు ప్రశ్నను తేల్చకుండా కింది కోర్టుకు తిప్పి పంపింది. అందుకే ఆ తర్వాత కూడా ఫెడరల్ జిల్లా కోర్టుల్లో హెబియస్ కార్పస్ పిటిషన్లు (నిర్బంధం చట్టబద్ధమో కాదో తేల్చమని కోర్టును కోరేవి) వేస్తూనే ఉన్నారు, కొందరికి విచారణ దక్కింది కూడా.

లోపల మనిషి ఉన్న కుటుంబం ఏదైనా నా మాట నమ్మి లాయరు దగ్గరికి వెళ్లడం మానేసిందేమోనని చాలా టెన్షన్‌గా ఉంది. పాతది ఎవరికైనా పంపి ఉంటే దయచేసి ఇదీ పంపండి.