జబ్బు మనిషిది, మచ్చ చిట్టెలుకది

‘కిడ్నీ మచ్చలను తగ్గించిన కొత్త మందు, చిట్టెలుకల్లో విజయం’ అని వార్త కనబడితే మందు పేరు తర్వాత చూడొచ్చు. ముందు చిట్టెలుక ఏ జాతిదో చూడాలి.

కిడ్నీలో రక్తాన్ని వడకట్టే గుచ్ఛాలు కొన్నిచోట్ల మచ్చకట్టే జబ్బు ఎఫ్‌ఎస్‌జీఎస్. దాని పరిశోధనలో తరచూ వాడేది బాల్బ్-సి అనే తెల్ల చిట్టెలుక జాతి. దాని తోక సిరలోకి అడ్రియామైసిన్ అనే కేన్సర్ మందును కిలో బరువుకు సుమారు 10 మిల్లీగ్రాముల లెక్కన ఒక్కసారి ఎక్కిస్తారు. వారం తిరిగేసరికి మూత్రంలో ప్రొటీన్ పోతుంది. నాలుగు వారాలకు వడపోత గుచ్ఛాలు మచ్చకడతాయి. అదే మోతాదు సి57 నల్ల చిట్టెలుకకు ఇస్తే దాని కిడ్నీ దాదాపు చెక్కుచెదరదు. కారణం 2010లో తేలింది: తెల్లదానిలో డీఎన్ఏ మరమ్మతుకు పనికొచ్చే పీఆర్‌కేడీసీ జన్యువు లోపభూయిష్టం. అంటే ఒక విషానికీ, ఒక జాతి పుట్టులోపానికీ మధ్య జరిగే గొడవకు మనిషి జబ్బు పేరు పెట్టుకున్నాం.

పైగా జంతువులో జబ్బు తెప్పించే ఈ నమూనా సూది మొన మీద నిలబడింది. కిలోకు అర మిల్లీగ్రాము అటూఇటూ అయితే కిడ్నీకి ఏమీ కాకపోవచ్చు, లేదా జంతువే చనిపోవచ్చు. 25 గ్రాముల చిట్టెలుకకు, మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాములుండే ద్రావణంలో ఆ తేడా 6 మైక్రోలీటర్లు, చుక్కలో ఎనిమిదో వంతు! సిర తప్పి పక్కకు కారితే తోక కుళ్లుతుంది, కిడ్నీకి చేరాల్సిన మోతాదూ తగ్గుతుంది. కొలతల్లోనూ మోసపోవచ్చు. చిట్టెలుక మూత్రంలో సహజంగానే ప్రొటీన్ ఉంటుంది కాబట్టి స్ట్రిప్ రంగు మారితే సంబరపడకూడదు. అల్బుమిన్ అనే ప్రొటీన్‌కూ, క్రియాటినిన్ అనే వ్యర్థానికీ ఉన్న నిష్పత్తి చూడాలి. మచ్చ కొన్ని గుచ్ఛాల్లోనే, అదీ గుచ్ఛంలో ఒక భాగంలోనే ఉంటుంది గనక కిడ్నీ నుంచి తీసిన ఒక్క పలుచని కోత చూసి ‘మచ్చ లేదు’ అనడం కుదరదు.

చవక, వేగం, దశాబ్దాల అనుభవం, ఇవీ దీన్ని సమర్థించేవాళ్ల వాదన. పాత్రలో పెంచిన కణాలకు రక్తపోటు ఉండదని కూడా అంటారు. అది నిజమే, అందుకే జంతువును వద్దనడం లేదు. ప్రశ్నకు తగ్గ జంతువు కావాలంటున్నాను.

తగ్గ జంతువు అంటే ఏమిటో ఏపీఓఎల్1 అనే మనిషి జన్యువు చూపించింది. పశ్చిమ ఆఫ్రికా మూలాలున్నవారిలో ఎఫ్‌ఎస్‌జీఎస్ ముప్పును బాగా పెంచే మార్పులు ఈ జన్యువులో ఉన్నాయని 2010లో బయటపడింది. చిట్టెలుకలో అసలు ఆ జన్యువే లేదు! ఎన్ని తోకలకు సూది పొడిచినా అది దొరికేది కాదు. రోగుల దగ్గర మొదలుపెట్టి, మనిషి జన్యువును చిట్టెలుకలో పెట్టి, ఇనాక్సాప్లిన్ అనే మందును పరీక్షించారు. 2023లో వెలువడిన చిన్న ట్రయల్‌లో 13 మంది రోగులకు 13 వారాల్లో మూత్రంలో ప్రొటీన్ సగటున 47.6 శాతం తగ్గింది.

ఇంకో కిటుకు: మందును ఎప్పుడు మొదలుపెట్టారు? విషానికి ముందురోజే ఇస్తే గ్రాఫ్ అందంగా వస్తుంది. రోగి మాత్రం మచ్చ పడ్డాకే డాక్టరు దగ్గరికి వస్తాడు.

ఈ కళ్లతో శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని చూడండి. అక్కడి కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. దెబ్బ ప్రధానంగా కిడ్నీలోని సన్నని గొట్టాల్లో, వాటి మధ్య కణజాలంలో. అడ్రియామైసిన్ చిట్టెలుక అక్కడివాళ్లకు చెప్పేది తక్కువ. మధ్య అమెరికా చెరకు కూలీల కిడ్నీ జబ్బు కోసం 2014లో కొలరాడో పరిశోధకులు ఇచ్చిన నమూనా మేలు. చిట్టెలుకలను పగలంతా విడతల వారీగా వేడిలో ఉంచి, ఒక గుంపుకు వేళకు నీళ్లిచ్చారు, రెండో గుంపుకు రాత్రే ఇచ్చారు. దెబ్బతిన్నది రెండో గుంపు.

ఉద్దానంలోని కవిటి బోరు నీళ్లతో ఈ ప్రయోగం చేయాలంటే నాలుగు గుంపులు చాలు: వేడిలో బోరు నీళ్లు, వేడిలో శుద్ధి నీళ్లు, చల్లదనంలో బోరు నీళ్లు, చల్లదనంలో శుద్ధి నీళ్లు. తప్పు నీటిదా, ఎండదా, రెండూ కలిస్తేనే వస్తుందా అన్నది అప్పుడు విడివిడిగా కనబడుతుంది.