లోపలికి సరే, బయటికెలా?

పరీక్ష పాసైతే చాలు, కోట్లు లేకపోయినా ప్రైవేటు మార్కెట్లో, అంటే స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టు కాని కంపెనీల్లో, ఫండ్లలో మదుపు చేయొచ్చనే బిల్లును అమెరికా ప్రతినిధుల సభ 2025 జులైలో ఆమోదించింది. మరుసటి నెలలోనే ట్రంప్ రిటైర్మెంట్ పొదుపు ఖాతాలకూ ఆ దారి చూపే ఉత్తర్వుపై సంతకం చేశారు. ఇక మన దగ్గరా హద్దులు తగ్గించమనే పాట ఊపందుకుంటే ఆశ్చర్యం లేదు.

మన దగ్గర ఇలాంటి మదుపు చేసే ప్రత్యామ్నాయ పెట్టుబడి నిధుల్లో (ఏఐఎఫ్‌) మామూలుగా కనీస పెట్టుబడి కోటి రూపాయలు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్కలో అక్రెడిటెడ్ ఇన్వెస్టర్, అంటే రిస్కు తట్టుకోగల మదుపరిగా గుర్తింపు కావాలంటే ఏడాదికి 2 కోట్ల ఆదాయమో, సగం ఆర్థిక ఆస్తుల్లో ఉండేలా 7.5 కోట్ల నికర సంపదో చూపాలి. ఆదాయం, ఆస్తి కలిపి చూసే దారి మరొకటి ఉంది. మంచి కంపెనీల ఎదుగుదల కోటీశ్వరులకే దక్కడం అన్యాయమనే మాటలో కొంత నిజముంది. కానీ పిల్లల ఫీజుకో ఆస్పత్రి ఖర్చుకో డబ్బు కావాల్సిన రోజున బయటికి వచ్చే దారేది?

అమెరికాలో బ్లాక్‌స్టోన్ అంతటి పెద్ద పెట్టుబడి సంస్థే 2022 చివర్లో తన రియల్ ఎస్టేట్ ఫండ్ నుంచి డబ్బు వెనక్కి అడిగినవారికి పరిమితి గుర్తుచేసి, కొంతే ఇచ్చింది. అది నిబంధనల్లో ముందే రాసుంది. సంతకం పెట్టేటప్పుడు చదివిందెవరు? ఇక్కడ గడువు దాకా డబ్బు వెనక్కి ఇవ్వని క్లోజ్ ఎండెడ్ ఏఐఎఫ్‌కు కాలపరిమితి కనీసం 3 ఏళ్లు, దాన్ని మరో 2 ఏళ్లు పొడిగించే వీలుంది. ఆలోపు వాటా విలువ ఎంతంటే, ఫండ్ చెప్పిన లెక్కే. అసలు ధర అమ్మబోతేనే తెలుస్తుంది. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు అనుబంధ రుణ సంస్థ హెచ్‌డీబీ ఫైనాన్షియల్ షేరు 2025లో ఐపీఓకు వచ్చింది గరిష్ఠంగా రూ.740కి. అంతకుముందు అన్‌లిస్టెడ్ మార్కెట్లో రూ.1,200 దాకా పెట్టి కొన్నవాళ్లకు ఆ తేడా ఎవరు కట్టిస్తారు?

పరీక్ష అంటారు. అమీర్‌పేటలో నెల తిరక్కుండా దానికీ కోచింగ్ మొదలవుతుంది. పాసైనవారికి సర్టిఫికెట్ వస్తుంది, నష్టం తట్టుకునే శక్తి రాదు. సెబీ, ఎక్స్ఛేంజీల నిఘాలో ఉన్న లిస్టెడ్ మార్కెట్లోనే స్టాక్ బ్రోకర్ సంస్థ కార్వీ ఖాతాదారుల షేర్లను బ్యాంకుల్లో తాకట్టు పెట్టింది, మన హైదరాబాద్ నుంచే. ఆ సంగతి 2019లో బయటపడే దాకా కనిపెట్టలేని వ్యవస్థ, రోజువారీ ధరే లేని చోట ఎవరిని కాపాడుతుంది?

హద్దులు తగ్గించే ముందు సెబీ ఒక్కటి తేల్చాలి: మధ్యలో బయటపడాలనుకునే మదుపరి వాటా ఎవరు కొంటారు, ఏ ధరకు? ఆ జవాబు లేనంత కాలం కోటి రూపాయల గీత అలాగే ఉండనివ్వండి. గీత చెరిపితే ముందుగా లాభపడేది ఎలాగూ మదుపరి కాదు. లాభమొచ్చినా నష్టమొచ్చినా ఏటా ఫీజు కోసుకునే మేనేజర్లే. తలుపులు తెరవమని గొంతు చించుకునేవారు అది ఒప్పుకొని మాట్లాడితే మంచిది.