‘ఐదేళ్లు నిండితే బిడ్డ తండ్రిదే’: ఏ చట్టంలోనూ లేని మాట

వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతూనే ఉంటుంది. పేరు ‘లాయర్లు మీకు చెప్పని నిజాలు’. సారాంశం ఇది: భార్యాభర్తలు విడిపోతే ఐదేళ్ల వరకే బిడ్డ తల్లిది, తర్వాత తండ్రిది. సంపాదన లేని తల్లికి కోర్టు పిల్లల్ని ఇవ్వదు. పిల్లల్ని చూపించకపోతే భరణం ఆపేయొచ్చు. పెద్దమనుషుల ముందు స్టాంపు పేపరు రాసుకుంటే విడాకులైపోయినట్టే. అమెరికా నుంచి పిల్లల్ని తెచ్చేసుకుంటే ఇక ఇక్కడి కోర్టుదే మాట. వీటిని నమ్మి తొందరపడేవాళ్లు ఉన్నారు కాబట్టి ఒక్కొక్కటీ చూద్దాం.

‘ఐదేళ్లు నిండగానే తండ్రికి.’

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో 6వ సెక్షన్‌ను సగం చదివితే పుట్టే మాట ఇది. ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలని ఆ సెక్షన్ చెబుతుంది. ఐదో పుట్టినరోజు మర్నాడు తండ్రికి అప్పజెప్పమని చెప్పదు. తండ్రి సహజ సంరక్షకుడని అందులో ఉన్నది నిజమే. కానీ ఆయన బతికుండి కూడా బిడ్డను పట్టించుకోకపోతే తల్లి ఆ స్థానంలోకి రావచ్చని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మెసేజ్ రాసినాయన 13వ సెక్షన్ దాకా వెళ్లినట్టు లేదు. బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముఖ్యమని, దానికి అడ్డమైతే ఎవరికీ సంరక్షకత్వం దక్కదని అక్కడ రాసి ఉంది. ఆ లెక్కన పదేళ్ల బిడ్డ తల్లి దగ్గరే ఉండొచ్చు, నాలుగేళ్ల బిడ్డ తండ్రి దగ్గర ఉండటమే మేలని తేలితే అలాగే ఇవ్వొచ్చు. ముస్లింలకు, క్రైస్తవులకు ఈ చట్టమే వర్తించదు. మెసేజ్‌లో ఆ సంగతి ఊసే లేదు.

పిల్లల ఇష్టం మాటేమిటి? ఆలోచించి చెప్పగల వయసు ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. తొమ్మిదేళ్లనో పన్నెండేళ్లనో గీత ఏమీ గీయలేదు. అలాగని బిడ్డ చెప్పిందే ఫైనల్ కాదు. ఎవరైనా నేర్పించి పంపారేమో కూడా జడ్జి గమనిస్తారు.

ఇదే మెసేజ్‌కు ఒక తోక కూడా ఉంది: బడి దగ్గర నుంచి పిల్లాణ్ణి తీసుకెళ్లిపోండి, తండ్రి మీద కిడ్నాప్ కేసు నిలవదు అని. మామూలుగా అయితే నిలవడం కష్టమే, ఒప్పుకుందాం. కానీ బిడ్డను కోర్టు ముందు హాజరుపరచమని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్‌ను తల్లి హైకోర్టులో వేయవచ్చు. కస్టడీ ఆర్డర్ ఉండగా ఎత్తుకెళితే కోర్టు ధిక్కారం అవుతుంది. పైగా రేపు కస్టడీ వాదనలో అవతలి లాయరు మొదట ఎత్తేది ఈ సంగతే.

‘సంపాదన లేని తల్లికి ఇవ్వరు.’

తల్లికి డబ్బు లేకపోతే బిడ్డకు అయ్యే ఖర్చు తండ్రి చేత ఇప్పిస్తారు. భరణం ఉన్నదే అందుకు. తల్లి సంపాదిస్తున్నా తండ్రి బాధ్యత తీరిపోదు, ఇద్దరి సంపాదనను బట్టి ఇద్దరూ భరించాలి. జీతం తక్కువ చేసి చూపించే అలవాటుకు విరుగుడుగా, ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌లో రాసివ్వాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

‘చూపించకపోతే భరణం బంద్.’

రెండూ వేర్వేరు హక్కులు. చూపించకపోతే విజిటేషన్ కోసం, అంటే బిడ్డను కలిసే అనుమతి కోసం పిటిషన్ వేయాలి. వారానికోసారి కలవడమే కాదు, దూరంగా ఉన్న తల్లికో తండ్రికో వీడియో కాల్‌లో మాట్లాడే అవకాశం కూడా ఇవ్వాలని 2020లోనే మరో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతేగానీ భరణం ఆపితే వారెంటు వస్తుంది, అప్పటికీ కట్టకపోతే జైలు కూడా తప్పకపోవచ్చు. ఇది తల్లికీ వర్తిస్తుంది: భరణం అందలేదన్న కోపంతో, కోర్టు చూపించమన్న బిడ్డను దాచకూడదు.

‘స్టాంపు పేపరు రాసుకుంటే సరి.’

అన్నిటిలోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే. పంచాయితీ పెట్టి, సామాన్లు, బంగారం లెక్క చూసుకుని, నోటరీ చేయిస్తే పెళ్లి రద్దయిపోదు. ఇష్టపూర్వక విడాకులకైనా ఏడాదిపాటు విడిగా ఉండి, హిందూ వివాహ చట్టం 13బి కింద ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాలి. పిటిషన్ వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువును తగిన కారణం ఉంటే తీసేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు అంది. కొన్ని కులాల్లో ఆచారంగా వస్తున్న విడాకులను అదే చట్టం 29వ సెక్షన్ కాపాడుతుంది, కానీ ఆ ఆచారం ఉందని కోర్టులో సాక్ష్యాలతో రుజువు చేసుకోవాలి. రుజువు కాకపోతే మొదటి పెళ్లి అలాగే ఉంటుంది. కాగితాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకున్న మనిషి మొదటి పెళ్లి ఉండగా రెండో పెళ్లిని నేరంగా చూసే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ముద్దాయి అవుతాడు. ఆ రెండో పెళ్లి చెల్లదు, ఏ పాపం ఎరగని ఆ అమ్మాయి చట్టం దృష్టిలో భార్యే కాకుండా పోతుంది.

‘నాకు గానీ నా బిడ్డకు గానీ ఇకపై ఏ హక్కూ లేదు’ అన్న వాక్యం కూడా ఇలాంటి కాగితాల్లో రాయిస్తుంటారు. బిడ్డ భరణాన్ని వదులుకునే అధికారం తల్లికి లేదు. తండ్రి వైపు ఉమ్మడి ఆస్తిలో బిడ్డకు పుట్టుకతో వచ్చిన వాటా కూడా విడాకులతో పోదు, ఆడపిల్లదైనా సరే.

‘అమెరికా నుంచి తెచ్చేసుకోండి.’

అమెరికా పౌరులైన ఇద్దరు పిల్లల్ని తల్లి ఇక్కడికి తీసుకొచ్చి హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేసిన కేసు ఒకటుంది. పిల్లల నివాసం అమెరికాయే, తేల్చాల్సింది అక్కడి కోర్టే అని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అలాగని అక్కడి ఆర్డర్‌ను ఇక్కడ కళ్లు మూసుకుని అమలు చేయరు, బిడ్డ మేలు విడిగా చూస్తారని 2017 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉంది. విడాకుల విషయంలో, తిరుపతిలో జరిగిన ఒక పెళ్లిపై 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూడండి: భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో తెచ్చుకున్న విడాకుల డిక్రీ (కోర్టు తీర్పు) ఇక్కడ చెల్లలేదు.

మెసేజ్ ఆఖర్న లాయరు ఫీజులు లక్షల్లో ఉంటాయని భయపెట్టారు. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 చట్టంలోనే ఉంది. జిల్లా కేంద్రంలోని న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు.