కోట్లు లేనిదే కదలని చదరపు బ్రాకెట్టు గారికి

మహారాజశ్రీ చదరపు బ్రాకెట్టు గారి సముఖానికి,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ కీబోర్డు మీద పి అక్షరం పక్కన మీరిద్దరూ ఎప్పటిలాగే ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నేను రేడియో ఖగోళశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నవాణ్ణి. మూడేళ్లుగా మీ గుమ్మంలోనే పడి ఉన్నాను. మీరు గుర్తుపట్టకపోయినా ఫర్వాలేదు, మా ఇంట్లోవాళ్లకే నేను చేసే పని ఏమిటో ఇంకా తెలీదు.

సంగతి మొదట్నుంచీ చెబుతాను. పుణె దగ్గర ఖోడద్‌లో జీఎంఆర్‌టీ అనే టెలిస్కోపు ఉంది. 45 మీటర్ల వెడల్పున్న డిష్‌లు 30. అవన్నీ ఒక రాత్రంతా ఒకే గెలాక్సీ వైపు చెవులు రిక్కించుకుని, అందులోని హైడ్రోజన్ పంపే 21 సెంటీమీటర్ల తరంగాన్ని విన్నాయి. విన్నదాన్ని వడకట్టి, నెలలకొద్దీ చాకిరీ చేసి, చివరికి ఒక ఫిట్స్ ఫైలు (ఖగోళశాస్త్రవేత్తలు డేటా దాచుకునే ఫార్మాట్) తయారుచేశాం. దాన్ని క్యూబ్ అంటారు. ఒకే ఆకాశపు చెక్కను 512 ఫ్రీక్వెన్సీ చానెళ్లలో తీసిన 512 బొమ్మల దొంతర అనుకోండి. ఒక్కో బొమ్మ 2048 బై 2048, ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు. లెక్క కడితే సరిగ్గా 8 జీబీ. నా లాప్‌టాప్ మెమరీ కూడా 8 జీబీయే. ఇక ఆ ఫైలు తెరిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

నిజానికి అంతా నాకు అక్కర్లేదు. గెలాక్సీ ఉన్నది నడిమధ్యన, 200 బై 200 పిక్సెళ్లలో, ఓ 60 చానెళ్లలో. అంటే 9.6 ఎంబీ. రైతు బజారులో ఇంత గుమ్మడికాయ ముక్క కోసివ్వమంటే ఎవరూ కాయంతా మన నెత్తిన పెట్టరు కదా. ఆ కోసిచ్చే పెద్దమనిషి మీరేనని మా సీనియర్లు చెప్పారు. నాసా గొడార్డ్ సెంటర్ వాళ్ల సీఫిట్స్‌ఐఓ లైబ్రరీలో ఫైలు పేరు వెనకాలే మిమ్మల్ని తగిలించి మీ ఒళ్లో కొన్ని అంకెలు పెడితే చాలట. పైథాన్ ప్రోగ్రాము రాయక్కర్లేదు, విండో తెరుచుకోదు, ఇమ్‌కాపీ అనే కాపీ ప్రోగ్రాముకు ఒక్క వరుస:

ఇమ్‌కాపీ గెలాక్సీ.ఫిట్స్[901:1100,951:1150,201:260] ముక్క.ఫిట్స్

ఎంటర్ కొట్టాను. ముక్క వచ్చింది. ఆ రోజు మీమీద నాకు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు.

నెల తర్వాత అదే వరుసను స్నేహితుడి మ్యాక్‌లో కొడితే "నో మ్యాచెస్ ఫౌండ్" అంది. అప్పుడు తెలిసింది అసలు గుట్టు. మనం కొట్టిన వరుసను అందుకుని ప్రోగ్రాముకు చేరవేసే షెల్ ఉందే, అది ఉత్తరం ఇచ్చేముందు విప్పి చదివే పోస్ట్‌మాన్. మీరు కనబడగానే అది ఇమ్‌కాపీకి రాసిన మాట అనుకోదు. "ఈ బ్రాకెట్లో ఉన్న వాటిలో ఏదో ఒక్క అక్షరం చివర ఉన్న ఫైలు వెతకమంటున్నాడు" అనుకుంటుంది. వెతుకుతుంది. దొరక్కపోతే మ్యాక్‌లోని జెడ్‌షెల్ అక్కడికక్కడే పని ఆపేస్తుంది. మా ల్యాబ్‌లోని బ్యాష్ అనే షెల్ మాత్రం, పోనీలే పాపం అని, ఉన్నదున్నట్టు ముందుకు తోసేస్తుంది. అంటే నెల రోజులు నా పని సాగింది నా తెలివివల్ల కాదు. వెతికింది దొరకనందువల్ల.

తర్వాత ఒకరోజు దొరికింది. ముందుజాగ్రత్త అని ఫైలుకో కాపీ తీసి, చివర 2 తగిలించి గెలాక్సీ.ఫిట్స్2 అని అక్కడే పెట్టాను. మీ ఒళ్లో 2 అంకె ఉంది కదా, బ్యాష్ సంబరపడిపోయి మిమ్మల్నీ మీ అంకెల్నీ పక్కన పెట్టి ఆ ఫైలునే ఇమ్‌కాపీ చేతిలో పెట్టింది. అది మారు మాట్లాడకుండా 8 జీబీ మొత్తం కాపీ చేసింది. ఇవాళ బాగా టైమ్ తీసుకుంటోంది, శ్రద్ధగా కోస్తోంది కాబోలు అనుకుంటూ నేను టీకి వెళ్లాను. వచ్చేసరికి ముక్క కాయంత ఉంది, డిస్కులో చోటు లేదు.

దీనికి మందేమిటంటే మిమ్మల్ని కోట్లలో పెట్టాలట. నెలాఖరుకి స్టైపెండ్ కోసం బ్యాంకు మెసేజ్ వైపు చూసేవాణ్ణి, నాతోనా కోట్ల మాట! తీరా చూస్తే సింగిల్ కోట్లు, అంటే ఒంటి కొటేషన్ గుర్తులు, అటొకటి ఇటొకటి. అంటించిన కవరన్నమాట. పోస్ట్‌మాన్ విప్పడు. డబుల్ కోట్లు పెడితే ఏం పోతుందని అడగకండి, అదీ అయింది. ముక్క.ఫిట్స్ ముందే ఉంటే దానిమీద రాయడానికి ఇమ్‌కాపీ ఒప్పుకోదు, పేరు ముందు ఆశ్చర్యార్థకం పెట్టాలి. డబుల్ కోట్లు సగం అంటించిన కవరు. ఆ ఆశ్చర్యార్థకాన్ని బ్యాష్ సందులోంచి చూసి, "ఈవెంట్ నాట్ ఫౌండ్" అంటుంది, పాత కమాండ్ ఏదో గుర్తుచేయమన్నాననుకుని. ఆశ్చర్యపోవాల్సింది నేను కదండీ?

ఇక మీ కుటుంబ వ్యవహారం. పైథాన్‌లో మీ తమ్ముడొకడున్నాడు, అచ్చు మీ పోలికే. మీరు ఫోర్ట్రాన్ ఇంట పెరిగారు, ఒకటి నుంచి లెక్కపెడతారు, చివరి అంకెనూ కలుపుకుంటారు. మా అమ్మ కూడా సోమవారం నుంచి శుక్రవారం దాకా అంటే శుక్రవారాన్ని కలుపుకునే లెక్క వేస్తుంది. అందులో మిమ్మల్ని తప్పుపట్టను. మీ తమ్ముడేమో సున్నా నుంచి మొదలుపెట్టి, చివరిది వదిలేసి, పైగా వరుస కూడా తిప్పేస్తాడు. మీ [901:1100,951:1150,201:260] ఆయన దగ్గర [200:260,950:1150,900:1100]. ఇద్దరూ ఒకే గెలాక్సీ గురించి మాట్లాడుతున్నారు, ఒకే మొహం వేసుకుని. పండక్కి ఇంటికొచ్చినప్పుడైనా కూర్చుని తేల్చుకోకూడదూ?

ఫైళ్లలో కొన్నిటికి నాలుగో అక్షం కూడా ఉంటుంది. స్టోక్స్ అంటారు, తరంగపు ధ్రువణానికి సంబంధించింది. పొడవు ఒకటి. ఆ ఒక్కదానికీ 1:1 అని మర్యాదగా ఆకు వేసి వడ్డిస్తున్నాను, చూస్తూనే ఉన్నారుగా.

అన్నిటికన్నా నాకు కడుపు మండేది మీ నెమ్మది. చానెల్ 230 మొత్తం ఇవ్వమని [*,*,230:230] అంటే చిటికెలో ఇస్తారు, డిస్కు మీద ఆ 16 ఎంబీ ఒకే వరసలో ఉంటుంది కాబట్టి. అదే ఒక్క పిక్సెల్ స్పెక్ట్రం, అంటే అన్ని చానెళ్లలోనూ ఆ పిక్సెల్ విలువ, అడిగితే? 512 అంకెలు, మొత్తం 2048 బైట్లు, వాట్సాప్ ఫొటో కన్నా ఎన్నో రెట్లు చిన్నది. కానీ ఒక్కో అంకె మరోదానికి 16 ఎంబీ దూరంలో ఉంటుంది. 512 ఇళ్లు, ఇంటికో గింజ. మా పాత హార్డ్ డిస్కు మూలుగుతూ ఆ వీధంతా తిరుగుతుంటే, పాపం, చూడలేం.

చివరికి పరువు సంగతి. మీరు కోసిచ్చిన ముక్క హెడర్, అంటే ఫైలు మొదట్లో ఉండే వివరాల పట్టీ, తెరిచి చూశాను. అసలు ఫైలులో సీఆర్‌పిక్స్3 అనే చోట 1 ఉండేది, అంటే ఫ్రీక్వెన్సీ లెక్కకు మొదటి చానెలే ఆధారం. మీ ముక్కలో అక్కడ -199 ఉంది. ఉన్నవే 60 చానెళ్లు, మైనస్ 199వ చానెల్ ఏ లోకంలో ఉన్నట్టు? బ్రాకెట్టు గారికి చాదస్తం ముదిరింది అనుకుని, చేత్తో 1 అని దిద్దాను. ఆ ముక్కతోనే బొమ్మలు గీశాను, మీటింగులో చూపించాను. గుంటూరు నుంచి వచ్చిన సీనియర్ అక్క స్క్రీన్ వైపు కాసేపు చూసి, "ఏరా, గెలాక్సీని ఎక్కడికి తోలుకెళ్లావు?" అంది.

200 చానెళ్లు, ఒక్కోటి 24.4 కిలోహెర్ట్జ్. వేగంలో సెకనుకు వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు తేడా. వేగాన్ని బట్టి దూరం చెప్పే హబుల్ లెక్క ప్రకారం దాదాపు 4.8 కోట్ల కాంతి సంవత్సరాలు. ఒక్క అంకె దిద్ది అంత దూరం నెట్టేశాను. మీ -199 సరైనదే. కోసింది 201 నుంచి కాబట్టి ఆధారం 200 చానెళ్లు వెనక్కి వెళ్లింది, మీరు నిజాయితీగా అదే రాశారు. ఒక్క ముక్క చెప్పి ఉంటే మీ సొమ్మేం పోయేది? ఫిట్స్ హెడర్‌లో ఒక్కో వరుసకు 80 అక్షరాలుంటాయి, పంచ్ కార్డుల కాలం నాటి కొలత. అంత చోటుంది, పక్కన "దిద్దకు నాయనా" అని రాయడానికి చాలదా?

మీరు రిటైరవుతారన్న ఆశ నాకు లేదు. 1982లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఆమోదించిన ఫార్మాట్ ఇది. ఒకసారి ఫిట్స్ అయిన ఫైలు ఎప్పటికీ ఫిట్సేనని వాళ్ల నియమం. వాటికన్ గ్రంథాలయం కూడా తన పాత రాతప్రతులను దీంట్లోనే దాచుకుంటోంది. నా థీసిస్ తేదీకి మాత్రం అలాంటి హామీ ఏదీ లేదు.

ఇట్లు,
తమ గుమ్మం ముందు,
ఒక రీసెర్చ్ స్కాలర్

తా.క. ఈ లేఖను కమాండ్ లైన్ నుంచే పంపుతున్నాను, సింగిల్ కోట్ల కవరులో పెట్టి. మధ్యలో అపాస్ట్రఫీ వస్తే కవరు చిరుగుతుందని ఒకటికి రెండుసార్లు చూశాను. తెలుగులో రాయడంలో ఉన్న సుఖమే అది, ఎక్కడా రాలేదు.